గాల్లో ఇల్లు... పొద్దుగూకితే నాన్న

"గీ మనిషి ఏం పనిజేస్తడురా?"

చాటలోంచి తలెత్తకుండానే అడిగింది చిన్నమ్మ. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిపెట్టిన తునికాకు. వేళ్లు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఎదురుగా టీవీలో ఓ బొమ్మల మనిషి బల్ల మీద కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు.

"బటన్ నొక్కుతడు చిన్నమ్మా."

"నొక్కి?"

"నొక్కి ఇంటికొస్తడు."

"గంతేనా!"

ఆ బొమ్మల మనిషేమో అంతలోనే ఇల్లు చేరి, పొద్దస్తమానం బటన్లు నొక్కీ నొక్కీ ప్రాణం పోతోందని పెళ్లాం దగ్గర వాపోతున్నాడు. మేం హిందీ మాటల్ని చిన్నమ్మకు తెలుగు చేసి చెప్పాం. ఆమె ఓసారి తన చూపుడువేలు కేసి చూసుకుంది. "గదానికే గింత ఆయాసమా? ఓ దినం మనింటికి రమ్మను. వెయ్యి బీడీలు చేపిద్దాం" అంది. నేనూ మా దోస్తూ పడీపడీ నవ్వాం. ఆమె మాత్రం నవ్వలేదు. కాసేపాగి, "అయినా పొద్దుగూకేసరికి ఇంటికొచ్చే నౌకరీ దొరికిందంటే అదృష్టవంతుడే" అంటూ మరో ఆకు తీసుకుంది.

పాతికేళ్ల నాటి సంగతిది. అప్పటికి కామారెడ్డి ఇంకా నిజామాబాద్ జిల్లాలోనే ఉంది. నిజాంసాగర్ చౌరస్తా నుంచి నడిచి వెళ్లేంత దూరంలో మా దోస్తు వాళ్లిల్లు. వీధిలో కలర్ టీవీ, అందులో కార్టూన్ నెట్‌వర్క్ వచ్చే ఇల్లు అదొక్కటే. బడి వదలగానే పిల్లలందరం అక్కడే. ఆ టీవీ మామూలుగా వచ్చింది కాదు. వాళ్ల బాపు దుబాయ్ నుంచి సెలవుకొచ్చినప్పుడు అట్టపెట్టెకు తాళ్లు బిగించి మోసుకొచ్చింది. టీవీ ఉండిపోయింది. ఆయన రెండు నెలలుండి వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చేది రెండేళ్లకు!

ఇక ఆ కార్టూన్. దాని పేరు 'ద జెట్సన్స్'. ఇప్పుడు ముప్ఫై అయిదూ నలభై మధ్య వయసున్నవాళ్లలో చాలామంది చూసే ఉంటారు. పేరు గుర్తులేకపోయినా, ఎగిరే కారును మడత పెట్టేసి సూట్‌కేసులా చేతబట్టుకుని ఆఫీసులోకి నడిచే మనిషి అంటే వెంటనే గుర్తొస్తాడు. ఆయనే జార్జ్ జెట్సన్. భార్య జేన్. కాలేజీ వయసుకు దగ్గర పడుతున్న కూతురు జూడీ, బళ్లో చదివే కొడుకు ఎల్‌రాయ్, ఆస్ట్రో అనే కుక్క, వంటా వార్పూ చూసే రోజీ అనే రోబో. ఊరి పేరు ఆర్బిట్ సిటీ. పొడవాటి స్తంభాల మీద గాల్లో నిలబడ్డ ఇళ్లు. మంచం దానంతటదే మనిషిని లేపుతుంది. పళ్లు యంత్రమే తోముతుంది. బటన్ నొక్కితే టిఫిన్ వస్తుంది. మాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం, నిల్చుంటే చాలు మోసుకుపోయే బాట. బడికి నడిచి వెళ్లే పిల్లలకు నచ్చక ఏమవుతుంది!

ఇదంతా 2062 నాటి కథ అని చెప్పుకునేవారు. తీసింది 1962లో. అంటే సరిగ్గా వందేళ్ల తర్వాత లోకం ఎలా ఉంటుందోనన్న ఊహ. టామ్ అండ్ జెర్రీ సృష్టికర్తలు విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా తమ సొంత స్టూడియోలో తీశారు. ఆ ఏడాది సెప్టెంబరు 23 ఆదివారం సాయంత్రం ఏబీసీ చానెల్లో మొదటిసారి ప్రసారమైంది. ఆ చానెల్ రంగుల్లో ప్రసారం చేసిన తొలి కార్యక్రమం ఇదే. అప్పటికి అమెరికాలో కూడా నూటికి మూడిళ్లలోనైనా కలర్ టీవీ లేదు. అదే సమయానికి పక్క చానెల్లో వాల్ట్ డిస్నీ కార్యక్రమం వచ్చేది. ఆ పోటీకి నిలవలేక ఇరవై నాలుగు ఎపిసోడ్లతో ఆగిపోయింది. ఆ ఇరవై నాలుగింటినే శనివారం పొద్దున పిల్లల కోసం తిప్పి తిప్పి వేశారు. అలా ఏళ్ల తరబడి చూసి చూసి, అమెరికాలో ఓ తరం మొత్తానికి 'భవిష్యత్తు' అంటే ఈ బొమ్మలే కళ్ల ముందు మెదిలేలా అయింది.

ఆ ఏడాదిని కాస్త పరికించి చూస్తే ఈ కార్టూన్ ఆకాశం నుంచి ఊడిపడలేదని తెలుస్తుంది. 1962 ఫిబ్రవరిలో జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరిగొచ్చాడు. ఏప్రిల్‌లో సియాటిల్‌లో ప్రపంచ ప్రదర్శన మొదలైంది. అక్కడ కట్టిన 'స్పేస్ నీడిల్' అనే గోపురాన్ని చూస్తే జెట్సన్ ఇంటికి అన్నలా ఉంటుంది. కార్టూన్ మొదలవడానికి పదకొండు రోజుల ముందు అధ్యక్షుడు కెనెడీ రైస్ యూనివర్సిటీలో నిలబడి, ఈ దశాబ్దంలోనే చంద్రుడి మీదకు వెళ్తున్నామని ప్రకటించాడు. మరో నెల తిరక్కుండానే క్యూబా క్షిపణుల గొడవతో ప్రపంచమంతా గుండె చేతబట్టుకుంది. ఒక పక్క ఆకాశమంత ఆశ, మరో పక్క అణుబాంబు భయం. ఆశను మాత్రం తీసుకుని భయాన్ని బయటే వదిలేసిన ఇల్లు జెట్సన్లది.

అసలు విషయం ఇప్పుడొస్తుంది. వందేళ్లు ముందుకు దూకిన ఆ ఊహలో కార్లు మారాయి, ఇళ్లు మారాయి, కుక్కకు మాటలొచ్చాయి. మారనిదేమిటి? ఇల్లాలు మారలేదు, బాసు మారలేదు, పర్సు మారలేదు!

మొదట్లో పేర్లు పడేటప్పుడు వచ్చే దృశ్యం గుర్తుందా? జార్జ్ తన ఎగిరే కారులో అందరినీ ఎక్కించుకుని బయల్దేరతాడు. కొడుకును ఓ గాజుడబ్బాలో బడి దగ్గర జారవిడుస్తాడు, కూతుర్ని హైస్కూలు దగ్గర. చివరికి జేన్ వంతు. ఆమె దిగేది బజారు దగ్గర. ఆయన పర్సు తీసి ఓ నోటు ఇవ్వబోతాడు. ఆమె నోటు ఆయన చేతిలోనే వదిలేసి పర్సు పట్టుకుపోతుంది! అర నిమిషం కూడా ఉండదు. 1962 నాటి అమెరికా మధ్యతరగతి సంసారం మొత్తం అందులో ఉంది. మగవాడు సంపాదించాలి, ఆడది కొనాలి, పిల్లలు చదవాలి. దేశం బాగుందనడానికి గుర్తు బజారు కళకళలాడటం. అంతకు రెండేళ్ల ముందు ఇదే స్టూడియో 'ఫ్లింట్‌స్టోన్స్' తీసింది. అది రాతియుగం కథ. అక్కడా ఇదే తంతు: మొగుడు పనికి, పెళ్లాం ఇంట్లో, బాసు కేకలు, కొత్త వస్తువుల మోజు. వెనక్కి వెళ్లి చూసినా, ముందుకెళ్లి చూసినా అమెరికావాళ్లకు అమెరికానే కనిపించిందన్నమాట.

జేన్ సంగతి చూడండి. వంట యంత్రానిది, ఊడ్చడం రోబోది. అయినా ఆమె ఉద్యోగానికి వెళ్లదు. ఇంటిపనంతా మాయమయ్యాక కూడా ఇల్లాలు ఇంట్లోనే ఎందుకుండాలి? ఈ ప్రశ్న ఆ రచయితలకు తట్టినట్టు లేదు. చివరి ఎపిసోడ్ పడేనాటికి, 1963లో, బెటీ ఫ్రీడన్ అనే రచయిత్రి 'ది ఫెమినైన్ మిస్టిక్' పుస్తకం వేసి సరిగ్గా ఆ ప్రశ్నే అడిగింది. అన్ని సౌకర్యాలున్న ఇళ్లలో ఆడవాళ్లకు తోచని ఆ దిగులేమిటని! పుస్తకం దుమారం లేపింది. కార్టూన్లో జేన్ మాత్రం పర్సుతో బజారు కెళుతూనే ఉంది.

ఇంకో లోటు కూడా ఉంది. ఆర్బిట్ సిటీలో నల్లవాళ్లు కనిపించరు. 1962 అక్టోబరు 1న జేమ్స్ మెరిడిత్ అనే నల్లజాతి యువకుడు మిసిసిపీ విశ్వవిద్యాలయంలో చేరడానికి కేంద్ర బలగాల కాపలా కావాల్సి వచ్చింది. జెట్సన్స్ మొదలై అప్పటికి వారమే. టీవీలో 2062, వీధిలో తుపాకులు. వందేళ్ల తర్వాతి ప్రపంచాన్ని గీస్తూ పక్కింటివాణ్ని మర్చిపోయారు. పిల్లల కార్టూన్‌కు ఇంత పట్టింపు ఎందుకనిపించవచ్చు. గీసినవాళ్లు కావాలని చేశారని నేననుకోను. అదే ఇంకా విచారం. తట్టకపోవడమే అసలు జబ్బు.

అలాగని తీసిపారేయడానికి లేదు. తమను చూసి తాము నవ్వుకోవడం ఆ కార్టూన్‌కు బాగా వచ్చు. జార్జ్ బాసు మిస్టర్ స్పేస్లీ. మరుగుజ్జు మనిషి, కేకలు మాత్రం ఆకాశమంత. కంపెనీ తయారుచేసేవి పళ్లచక్రాలు. గ్రహాల మధ్య రాకపోకలు సాగే కాలంలోనూ పళ్లచక్రాలే! మాట తేడా వస్తే చాలు, ఉద్యోగం పీకేశానంటాడు. ఎపిసోడ్ పూర్తయ్యేలోగా మళ్లీ ఇచ్చేస్తాడు. మొట్టమొదటి కథే అది. జార్జ్ జీతం పెంచమని అడగాలనుకుంటాడు. బాసును భోజనానికి పిలవాల్సి వస్తుంది. సరిగ్గా అదేరోజు జేన్ ఓ పాత మోడల్ రోబోను ఇంటికి తెచ్చింది. అదే రోజీ. ఇంత ఖర్చేమిటని బాసు మండిపడతాడు, ఉద్యోగం ఊడుతుంది. చివరికి రోజీ చేతి కేకు రుచి బాసు నాలుకకు తగిలి ఉద్యోగం తిరిగొస్తుంది. నవ్వొస్తుంది గానీ, దాని వెనకున్న భయం నిజమైనది. యంత్రాలొచ్చి మనుషుల పని లాగేసుకుంటే అందరికీ ఉద్యోగాలెలా అన్నది ఆ రోజుల్లో అమెరికాను పట్టి పీడించిన ప్రశ్న. ఈ దశాబ్దంలో మనకున్న పెద్ద సవాలు అదేనని కెనెడీ సైతం అదే ఏడాది విలేకరులతో చెప్పాడు. అందుకే బటన్ నొక్కే పని జార్జ్‌కు హాయి కాదు. ఆ ఒక్క బటనూ లేకపోతే తానెందుకన్న దిగులు.

ఆ దిగులు ఉత్తదేం కాదు. 1985లో జెట్సన్స్‌ను మళ్లీ మొదలుపెట్టి కొత్త ఎపిసోడ్లు తీసేనాటికి బొమ్మలు గీసే పని అమెరికా దాటి తైవాన్ లాంటి చోట్లకు తరలిపోయింది. పని బయటి దేశాలకు వెళ్లిపోతోందని లాస్ ఏంజెలెస్‌లో కార్టూన్ కళాకారులు 1982లో సమ్మె చేశారు. ఓడిపోయారు. తర్వాత ఆ గాలి మనవైపూ వీచింది. హైదరాబాద్‌లో స్టూడియోలు వెలిశాయి. పాశ్చాత్య చానెళ్ల కార్టూన్లకు మన కుర్రాళ్లు కంప్యూటర్ల ముందు కూర్చుని ప్రాణం పోశారు. ఒకరి బటన్ ఇంకొకరి చేతికొచ్చింది.

మళ్లీ మా వీధికొద్దాం. మేం ఈ చరిత్రంతా తెలిసి చూశామా? లేదు. కెనెడీ ఎవరో, సియాటిల్ ఎక్కడో తెలీదు. మాకు తెలిసిందల్లా, సాయంత్రం కాగానే ఆ ఎగిరే కారు ఇంటి ముందు వాలుతుంది, కుక్క మీదకు దూకుతుంది, నాన్న ఇంట్లోకొస్తాడు. ప్రతి ఎపిసోడ్‌లో, ప్రతి రోజూ.

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో పెరిగినవాళ్లకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. బోర్లు ఎండి, అప్పులు పెరిగి, ఏజెంటు చేతిలో డబ్బు పోసి, బొంబాయి పోయి విమానమెక్కిన నాన్నలు వాడకు ఎందరో. ఇక్కడ ఇల్లు నడిచేది రెండు సంపాదనల మీద. నెలకోసారో రెణ్నెల్లకోసారో వచ్చే డ్రాఫ్టు, రోజూ చుట్టే బీడీలు. అమెరికా కార్టూన్లో ఇంటికి ఒక్క మగవాడి జీతం చాలు. ఆ జీతానికి బాసు అడిగేదల్లా కొన్ని గంటలే. మా చిన్నమ్మ లెక్కలో రోజు పని అంటే కార్ఖానాకు అప్పజెప్పాల్సిన కట్టలు. ఆకు బాగులేదనో, చుట్టు సరిగా లేదనో తీసి పక్కన పడేసినవి లెక్కలోకి రావు. బడి నుంచి వచ్చి మేం కూడా బీడీ మూతులు వొత్తేవాళ్లం. టీవీ చూస్తూ వొత్తితే పని తొందరగా సాగుతుందని చిన్నమ్మే స్వయంగా కార్టూన్ పెట్టేది!

స్పేస్లీ కేకలేసినప్పుడల్లా మా దోస్తు గమ్మున చూస్తుండేవాడు. వాళ్ల బాపు ఉత్తరాల్లో కఫీల్ అనే మాట తరచూ వచ్చేది. జార్జ్‌కు బాసు కోపమొస్తే ఉద్యోగం ఊడుతుంది. అక్కడ కఫీల్‌కు కోపమొస్తే దేశమే ఊడుతుంది. కేకు తినిపిస్తే తిరిగిచ్చే రకం కాదు. ఓసారి వాడు నన్నడిగాడు. "ఆళ్ల కార్లు గాల్ల ఎగురుతయి గద, అందుకే తొందరగొస్తడేమోరా?" అప్పుడు నా దగ్గర జవాబు లేదు. కారుది కాదురా విషయం అని ఇప్పుడు చెప్పగలను. అప్పట్లో మాకు సైన్స్ ఫిక్షన్ అంటే ఎగిరే కారు కాదు, సాయంత్రం ఇంటికొచ్చే నాన్న.

కుటుంబమే అన్నిటికీ కేంద్రం అన్నది ఆ కార్టూన్ గట్టిగా చెప్పిన అమెరికా విలువ. సొంత ఇల్లు, సొంత కారు, మొగుడూ పెళ్లాం, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క. ఇంట్లో తాతా నానమ్మా ఉండరు. మా వాడకట్టులో దానికి పూర్తిగా తిరగేసిన బొమ్మ. తాత ఉంటాడు, నానమ్మ ఉంటుంది, పెద్దనాన్న కొడుకులుంటారు, ఇల్లు నిండా జనం. ఒక్క నాన్నే ఉండడు. ఇందులో ఏది మంచి కుటుంబమని తూకం వేయబోవడం లేదు. పిల్లలు మాత్రం తూకం వేశారు. చూస్తూ చూస్తూ వేశారు.

ఆ కార్టూన్లో చూపించినవి ఎన్నో నిజమయ్యాయని అంటుంటారు. గోడకంటే టీవీ, నేల ఊడ్చే యంత్రం, అద్దంలో మనిషి కనిపించే ఫోను. ఈ ఫోను సంగతి ఒకటి తమాషాగా ఉంటుంది. పొద్దున్నే ఫోనొస్తే, జుట్టు దువ్వుకోని తన ముఖం అవతలివాళ్లకు కనిపిస్తుందని జేన్‌కు బెంగ. అందుకని చక్కగా అలంకరించిన ముఖం మాస్కు ఒకటి సిద్ధంగా ఉంచుకుని, తగిలించుకుని మాట్లాడుతుంది! అమెరికాకు ముఖం చూపించే ఫోను అంటే ముందుగా తట్టింది అందం గొడవ. 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఏటీ అండ్ టీ కంపెనీ నిజంగానే అలాంటి ఫోను పెట్టి జనానికి చూపించింది. జనం వింతగా చూశారు గానీ కొనలేదు. ఖరీదు ఎక్కువ, అవసరం తక్కువ.

ఆ అవసరం ఉన్నవాళ్లు వేరేచోట ఉన్నారు. కామారెడ్డిలో, ఎల్లారెడ్డిలో, దోమకొండలో ఉన్నారు. నా చిన్నప్పుడు దుబాయ్ నుంచి శుక్రవారం ఫోనొస్తే ఎస్టీడీ బూత్ నుంచి కుర్రాడు పరిగెత్తుకొచ్చి కేకేసేవాడు. ఇంటిల్లిపాదీ వెళ్లి వరుసగా నిలబడి తలా రెండు మాటలు. క్యాసెట్‌లో మాటలు రికార్డు చేసి, ఊరికి వచ్చేవాళ్లతో పంపేవాళ్లూ ఉండేవారు. తర్వాత సెల్‌ఫోన్లొచ్చాయి. ఎమిరేట్స్‌లో వాట్సాప్ కాల్స్ కలవక ఇమో, ఆ తర్వాత బోటిమ్ మన పల్లెల్లో ముసలమ్మలకు కూడా అలవాటయ్యాయి. ఇంగ్లీషు అక్షరం రాని నానమ్మ ఆ గుర్తు చూసి నొక్కడం నేర్చుకుంది. జేన్ మాస్కు పెట్టుకుంది. ఇక్కడివాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకుని, నవ్వు ముఖం పెట్టుకుని ఫోనెత్తారు. అది కూడా మాస్కే అనండి.

అమెరికావాళ్లు అక్కడే ఆగిపోలేదు. 2008లో పిక్సర్ సంస్థ తీసిన 'వాల్-ఈ' చూడండి. ఆండ్రూ స్టాంటన్ దర్శకుడు. ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ కూడా వచ్చింది. జెట్సన్ల మునిమనవలే అందులో ఉన్నారనిపిస్తుంది. కొని కొని చెత్తతో భూమిని నింపేసి ఓడెక్కి వెళ్లిపోయారు. తేలే కుర్చీల్లోంచి లేవరు, నడక మర్చిపోయారు, పక్కనున్న మనిషితోనూ తెర మీదే మాటలు. కింద చెత్త ఎత్తడానికి ఒక్క బుల్లి రోబో మిగిలింది. 1962లో వరం అనుకున్నది 2008కి శాపమైంది. నాలుగున్నర దశాబ్దాల్లో తమ కల మీద తామే జోకు వేసుకున్నారు. ఆ ధైర్యం కూడా వాళ్ల విలువే, ఒప్పుకోవాలి. (చెత్త గురించి అంత చక్కగా చెప్పిన సినిమాకు కూడా బొమ్మలు, లంచ్ బాక్సులు అమ్ముకున్నారనుకోండి. అది వేరే సంగతి!)

మరి మన తెలుగువాళ్లం భవిష్యత్తును ఎలా ఊహించుకున్నాం? 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' తీశారు. చేతికి టైమ్ మెషీన్ దొరికితే మనం మొదట ఎక్కడికెళ్లాం? శ్రీకృష్ణదేవరాయల సభకు! ఆ తర్వాతే 2504కి. అక్కడ చూస్తే అణుయుద్ధం తర్వాతి భూమి, నేల కింద బతికే జనం. గడిచినదంతా బంగారం, రాబోయేది భయం. అమెరికా ఊహకు సరిగ్గా ఎదురు.

బొమ్మల్లో మన సైన్స్ ఫిక్షన్ హాస్యం రావడానికి ఇంకా ముప్ఫై మూడేళ్లు పట్టింది. 2024 మే 31న ప్రైమ్ వీడియోలో 'బుజ్జి అండ్ భైరవ' వచ్చింది. నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ' సినిమాకు ముందుమాట లాంటి రెండు ఎపిసోడ్లు. ఛోటా భీమ్‌ను తయారుచేసిన హైదరాబాద్ స్టూడియో గ్రీన్ గోల్డ్ బొమ్మలు గీసింది. ఆ స్టూడియో పెట్టిన రాజీవ్ చిలకా అమెరికాలో చదువుకుని వచ్చినవాడే. భైరవకు ప్రభాస్, బుజ్జికి కీర్తి సురేశ్ గొంతులు. బుజ్జి అంటే మనిషి కాదు. ఒళ్లు పోయి మెదడు మిగిలిన యంత్రం. దానికి భైరవ ఓ కారు ఒంటిని కట్టిపెడతాడు.

జెట్సన్స్ పక్కన పెట్టి చూస్తే నాకు ఎంతో సరదాగా అనిపించింది. రోజీ పనిమనిషి. యజమాని చెప్పింది చేస్తుంది, ఎంత ప్రేమ ఉన్నా జీతంలేని పనిమనిషే. బుజ్జి అలా కాదు. దెప్పుతుంది, ఎదురు చెబుతుంది, అలుగుతుంది. మరదలి వరస. యంత్రానికి ముద్దుపేరు పెట్టి, దానితో తిట్లు తినడం అచ్చంగా మన ఇంటి పద్ధతి. ఇక భైరవకు కొలువు లేదు. ఇంటద్దె బాకీ. కాశీ అనే ఎండిపోయిన ఊళ్లో ఉంటాడు. పైన గాల్లో 'కాంప్లెక్స్' ఉంటుంది. నీళ్లు, పచ్చదనం, తిండి అన్నీ అక్కడే. లోపలికి వెళ్లాలంటే పది లక్షల యూనిట్లు కూడబెట్టాలి. భైరవ బతుకంతా ఆ యూనిట్ల వేటే.

చూస్తుంటే గుండె కలుక్కుమంది. జెట్సన్లు పైనే ఉన్నారు. కింద ఏముందో వాళ్ల కథలో దాదాపు కనిపించదు, ఎవరూ అడగరు. మన కథ మొదలవడమే కింద నుంచి, తల పైకెత్తి. అమెరికా హీరో సమస్య పైన ఉన్న ఉద్యోగం ఊడకుండా చూసుకోవడం. మన హీరో సమస్య అసలు గేటు దాటడం. యూనిట్లు, గేటు, లోపలికి ఎంతమందిని రానిస్తారో... ఏజెంటుకు కట్టే లక్షలూ, కాన్సులేట్ ముందు వరసా గుర్తుకు రానివారెవరు? ఎమ్మెస్‌కు వెళ్లే పిల్లాడికైనా, ఖతార్ వెళ్లే మేస్త్రీకైనా కాంప్లెక్స్ ఒకటే. టికెట్ ధరలే వేరు. నాగ్ అశ్విన్ ఇది మనసులో పెట్టుకునే రాశారో లేదో నేను చెప్పలేను. హన్నా, బార్బెరాలు కూడా మా చిన్నమ్మను మనసులో పెట్టుకుని తీయలేదుగా!

మొన్న వానాకాలంలో కామారెడ్డి వెళ్లినప్పుడు ఆ ఇంటికి వెళ్లాను. పాత టీవీ పోయి గోడకు పెద్ద తెర వచ్చింది. చిన్నమ్మ బీడీలు మానేసింది. కళ్లు సరిగా కనబడవు, వేళ్లు వంకర్లు పోయాయి. దుబాయ్ నుంచి వచ్చేసిన పెద్దాయన వాకిట్లో మంచం మీద పడుకుని ఉన్నాడు. దోస్తు ఇంట్లో లేడు. అబుధాబిలో ఉన్నాడు, ఆరేళ్లయింది. వాడి కొడుకు బుడ్డోడు నేలమీద బోర్లా పడుకుని బుజ్జినీ భైరవనూ చూస్తున్నాడు.

"వాడేం పనిజేస్తున్నడు చిన్నమ్మా అక్కడ?" అనడిగాను.

"పెద్ద బిల్డింగుల ఏసీలు నడిపే రూమట. దినమంతా బటన్లే నొక్కుతడట." చిన్నమ్మ బోసినోటితో నవ్వింది. "నువ్వూ వాడూ సూస్తుంటిరి సూడు, గా బొమ్మలాయన లెక్కనే. ఇంటికొచ్చుడే లేదు."

ఎనిమిది కావస్తుండగా ఫోను మోగింది. బుడ్డోడు లేచి దాన్ని స్టీలు గ్లాసుకు ఆనించి నిలబెట్టాడు. వాళ్లమ్మ కంచంలో అన్నం పెట్టుకొచ్చింది. తెరలో మా దోస్తు, వాడి ముందూ ఓ కంచం. అక్కడింకా ఆరున్నరే. ఆ వేళకు వాడికి ఆకలేయదట. అయినా కొడుకు తినే టైముకే వాడూ తింటాడట. నన్ను చూసి చేయూపాడు గానీ ఎక్కువ మాట్లాడనివ్వలేదు బుడ్డోడు. "బాపూ, నువ్వు ముద్ద పెట్టుకో ముందు" అంటున్నాడు.